సీటీ నార్మల్.. మరి తలనొప్పి ఎందుకు పోవట్లేదు?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, బీటెక్ ఫైనలియర్. నాలుగు నెలల కిందట బండి జారి పడ్డాను. హెల్మెట్ ఉంది. కాసేపు ఏం జరిగిందో గుర్తులేదు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. ఇప్పటికీ తలనొప్పి పోలేదు, దాదాపు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. మంచం మీద పక్కకు దొర్లితే గదంతా గిర్రున తిరుగుతుంది. ల్యాప్‌టాప్ ముందు అరగంట కూర్చోలేను. ఇంట్లో అందరూ చదువు తప్పించుకోవడానికి నాటకం అంటున్నారు. మెదడు దెబ్బను పట్టే రక్తపరీక్ష అమెరికాలో వచ్చిందట. చేయించుకుంటే తేలిపోతుందా?
- ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: మీది నాటకం కాదు. సీటీలో కనిపించేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. తల అదిరినప్పుడు నరకణాల పనితీరు దెబ్బతింటుంది, అది సీటీకి అందదు. దీన్నే కంకషన్ అంటాం. ఎక్కువ మందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి మూడు నెలలు దాటినా పోదు. మీరు ఆ కొందరిలో ఉన్నారు.

రక్తపరీక్ష మాట నిజమే. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే రెండు ప్రొటీన్లను కొలుస్తారు. మెదడు కణాలు దెబ్బతింటే ఇవి రక్తంలోకి వస్తాయి. అయితే ఆ పరీక్ష దెబ్బ తగిలిన 12 గంటల్లోపు చేయాల్సింది. ‘ఇతనికి సీటీ అవసరమా, కాదా’ అని తేల్చడానికే దాన్ని వాడతారు. మీకు సీటీ ఎప్పుడో అయిపోయింది. జీఎఫ్ఏపీ ఒక రోజులోపే గరిష్ఠానికి చేరి, తర్వాత రోజుల్లో తగ్గిపోతుంది. నాలుగు నెలల తర్వాత నార్మల్ వచ్చినంత మాత్రాన మీకేం కాలేదని కాదు. పైగా ఆ కాగితం ఇంట్లో మీకే ఎదురు తిరుగుతుంది! ఇన్నాళ్లకూ తగ్గని లక్షణాలకు కారణం చెప్పే రక్తపరీక్ష ఇంకా పరిశోధన దశలోనే ఉంది. దానికి డబ్బు పెట్టకండి.

నాకు ముందు అనుమానం మీ మాత్రల మీదే. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులకు పైగా, నెలల తరబడి వాడితే అవే తలనొప్పి తెచ్చిపెడతాయి. డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోండి. మొదటి వారం పది రోజులు నొప్పి పెరగొచ్చు, భయపడొద్దు. మెడ కూడా చూపించుకోండి. పడినప్పుడు మెడ పట్టేస్తే ఆ నొప్పి తలలోకి పాకుతుంది. దానికి ఫిజియోథెరపీ ఉంది.

పక్కకు దొర్లినప్పుడు తిరగడం చాలావరకు లోపలి చెవి సమస్య. తల అదిరితే అక్కడి సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పుతాయి. ఈఎన్‌టీ డాక్టరు తలను ఒక పద్ధతిలో తిప్పి వాటిని వెనక్కి పంపుతారు. చాలామందికి ఒకటి రెండు సిట్టింగుల్లోనే తగ్గుతుంది.

ఇక విశ్రాంతి. చీకటి గదిలో పడుకోవాలన్న పాత సలహా ఇప్పుడు లేదు. మొదటి ఒకటి రెండు రోజులు చాలు, ఆ తర్వాత కదలాలి. రోజూ 20 నిమిషాలు చురుగ్గా నడవండి. లక్షణాలు కాస్త పెరిగితే వేగం తగ్గించండి, బాగా పెరిగితే ఆపి మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ కూడా అంతే: 15 నిమిషాలు, విరామం, మళ్లీ 15. రాత్రి ఒకే వేళకు పడుకోండి. మనసు దిగులుగా ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, దానికీ చికిత్స ఉంది.

మీకు సిటికోలిన్ లాంటి ‘మెదడు బలం’ మాత్రలు రాసిచ్చి ఉంటే ఇదీ తెలుసుకోండి. 1,213 మంది తలగాయం రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో సిటికోలిన్ వల్ల లాభం కనిపించలేదు. ఫలితాలు 2012లో వచ్చాయి. మన దగ్గర ఇంకా రాస్తూనే ఉన్నారు.

తలనొప్పి రోజురోజుకూ పెరిగినా, వాంతులు, ఫిట్స్, మత్తు, ఒక చేయి గానీ కాలు గానీ బలం తగ్గడం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. తిరుగుడు తగ్గేదాకా బండి తీయొద్దు.

ఈఎన్‌టీ దగ్గరికి అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. సమస్య చెవిదే అయితే, తల వాల్చి పడుకోబెట్టగానే మీ కనుగుడ్లు వాటంతటవే గబగబా కదలడం వాళ్లే కళ్లారా చూస్తారు.