మాస్టర్ ఆఫ్ ఓరియన్ మొదట్లో రీసెర్చ్‌కు ఎంత పెట్టాలి? నా అనుభవం

మీరు అడిగింది 1993లో వచ్చిన మొదటి మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి, అంటే గ్రహాలను ఆక్రమిస్తూ అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టే కంప్యూటర్ గేమ్. పరిశోధనలో ఆరితేరిన సైలాన్ జాతితో ఆడుతూ, ఆటలోని 2300వ సంవత్సరంలో మొదటి టర్న్ నుంచే (ఒక టర్న్ అంటే ఒక ఏడాది) రాబడిలో సగం టెక్‌కు, అంటే పరిశోధనకు పెడుతున్నారు. అయినా 2350 వచ్చేసరికి పక్క జాతులు మిమ్మల్ని దాటిపోతున్నాయి. నేనూ అచ్చం ఇలాగే, సైలాన్లతోనే ఆడి, వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాను. పరిశోధనలో వాళ్లకు 50 శాతం అదనం ఉంది కదా, దాన్ని మొదటి రోజు నుంచే వాడుకోవాలి అనుకునేవాణ్ణి. ఐదో ఆటకు కాగితం తీసుకుని లెక్క వేశాను. అప్పుడు తెలిసింది తప్పు ఎక్కడుందో.

మొదట్లో మీ గ్రహంలో జనాభా 40, ఫ్యాక్టరీలు 30 ఉంటాయి. ఒక్కో జనాభా యూనిట్‌కు అర బీసీ (ఆటలోని డబ్బు), ఒక్కో ఫ్యాక్టరీకి ఒక బీసీ చొప్పున టర్న్‌కు దాదాపు 50 బీసీలు వస్తాయి. ఫ్యాక్టరీల కాలుష్యం శుభ్రం చేయడానికి 15 పోతే చేతిలో మిగిలేది 35. అందులో సగం అంటే 17. ఆ 17కు సైలాన్ల బోనస్ కలిసినా పాతిక దాటదు.

అదే గ్రహం నిండితే? జనాభా 100, ఫ్యాక్టరీలు 200. రాబడి 250, శుభ్రానికి 100 పోయినా 150 మిగులుతుంది. అందులో సగం పెడితే 75, బోనస్‌తో 110 పైనే. బోనస్ మీరు పెట్టే డబ్బు మీదే కదా వచ్చేది. పెట్టేదే చిన్న మొత్తమైనప్పుడు అదీ చిన్నదే. మొదటి టర్న్ల డబ్బును టెక్‌లో పోయడం విత్తనపు వడ్లు దంచుకుని తినడం లాంటిది.

ఫ్యాక్టరీ ఖరీదు 10 బీసీలు. శుభ్రం ఖర్చు పోను టర్న్‌కు అర బీసీ ఇస్తుంది. అంటే 20 టర్న్లలో పెట్టుబడి వెనక్కి వస్తుంది, ఆ తర్వాతదంతా లాభమే. ఒక్కో జనాభా యూనిట్ మొదట్లో రెండు ఫ్యాక్టరీలే నడపగలదు కాబట్టి జనాభా పెరుగుతున్నంత వరకు ఫ్యాక్టరీలకు చోటు దొరుకుతూనే ఉంటుంది.

అందుకని ఇప్పుడు నేను మామూలుగా కనీసం మొదటి 15 టర్న్లు టెక్ స్లైడర్‌ను (గ్రహం రాబడిలో పరిశోధనకు ఎంతో నిర్ణయించే మీట) సున్నా మీదే ఉంచుతాను. పర్యావరణానికి ఖర్చు పెట్టే ఎకో స్లైడర్‌ను కాలుష్యం శుభ్రమయ్యేంత వరకే పెట్టి, మిగతాదంతా ఫ్యాక్టరీలు కట్టే ఇండస్ట్రీకే. మొదట్లో చేతికిచ్చే రెండు స్కౌట్లు (వెతికే ఓడలు) మంచి గ్రహాన్ని చూపిస్తే మాత్రం మధ్యలో ఆగి, కొత్త గ్రహంలో జనాన్ని దింపే రెండో కాలనీ షిప్ కడతాను. దాని ఖరీదు ఐదు వందల బీసీలకు పైనే, ఆ దశలో పెద్ద భారం. అయినా త్వరగా వేసిన కాలనీ ఏ టెక్నాలజీకన్నా ఎక్కువ తిరిగిస్తుందని నా నమ్మకం.

సున్నా నుంచి ఎప్పుడు కదలాలి? దీనికి టర్న్ నంబర్ చెప్పలేను, మ్యాప్‌ను బట్టి ఉంటుంది. మీ ఓడలు మొదట్లో మూడు పార్సెక్‌ల దూరమే వెళ్లగలవు. ఆ పరిధిలో ఉండదగ్గ గ్రహాలు అయిపోతే ఇక ఆగకూడదు, వెంటనే ఓడల ఇంజిన్లు, ఇంధనానికి సంబంధించిన ప్రొపల్షన్ రంగంలో డబ్బు పెట్టండి. హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్స్ వస్తే నాలుగు పార్సెక్‌లు, డ్యూటీరియం వస్తే ఐదు. గ్రహాలు దగ్గర్లోనే ఉండి బీడు నేలలైతే, గ్రహాలకు సంబంధించిన ప్లానెటాలజీ రంగంలో కంట్రోల్డ్ బ్యారెన్ (బీడు గ్రహాల్లో కాలనీ వేయనిచ్చే టెక్నాలజీ) వైపు వెళ్లండి. ఒక ఆటలో నేను ఈ ఒక్క పనికి పది టర్న్లు ఆలస్యం చేశాను. ఆ లోపు సక్రా జాతి వాళ్లు నా చుట్టూ ఉన్న మూడు నక్షత్రాలనూ ఆక్రమించేశారు. వాళ్ల జనాభా చాలా వేగంగా పెరుగుతుంది, ఒకసారి దిగితే కదిలించడం కష్టం. ఆ ఆట నాకు ఇప్పటికీ బాధే.

ఇలాంటి తొందర లేకపోతే, ఫ్యాక్టరీలు నూట పాతిక దాటాక నెమ్మదిగా మొదలుపెడతాను. ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. ఈ ఆటలో ఒక రంగంలో పోగైన పరిశోధనకు వడ్డీలా అదనం కలుస్తుంది, కానీ ఆ రంగంలో ప్రతి టర్న్ ఎంతో కొంత పెడుతూ ఉంటేనే. పది టర్న్లు ఏమీ ఇవ్వకుండా పదకొండో టర్న్‌లో ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆ వడ్డీ రాదు. అందుకే ఆరు రంగాల్లో నాకు అవసరమైన రెండింటికి ఎక్కువిచ్చి, మిగతా నాలుగింటికి కొంచెం కొంచెం పారిస్తాను. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు. రంగం పక్కనుండే బల్బు బొమ్మ నిండి, ఆ టెక్నాలజీ దొరికే అవకాశం ఎంతో చెప్పే శాతం కనిపించాక కూడా డబ్బు ఆపకండి. పెడుతున్న కొద్దీ ఆ శాతం పెరుగుతుంది. దొరికే ముందు టర్న్‌లో నిధులు తీసేసి నేను చాలాసార్లు టెన్షన్ పడ్డాను.

ఏది ముందు అంటే, నా ఓటు కంప్యూటర్స్‌కే, ఇంప్రూవ్డ్ రోబోటిక్ కంట్రోల్స్ 3 కోసం. అది వస్తే ఒక్కో జనాభా యూనిట్ మూడు ఫ్యాక్టరీలు నడుపుతుంది. దానికి ముందు కంప్యూటర్స్‌లో చిన్నదేదైనా ఒకటి పూర్తి చేయాలి. పాత ఫ్యాక్టరీలను మార్చుకునే ఖర్చు కూడా ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండండి. కన్‌స్ట్రక్షన్‌లో ఫ్యాక్టరీ ఖరీదును 9కి తగ్గించే ఇండస్ట్రియల్ టెక్ 9, కాలుష్యం తగ్గించేవి కూడా తొలి దశలో మంచివే. అయితే ప్రతి ఆటలోనూ కొన్ని టెక్నాలజీలు జాబితాలోనే ఉండవు. రోబోటిక్ కంట్రోల్స్ కనిపించకపోతే దాని కోసం ఎదురుచూడకుండా, ఎవరి దగ్గరుందో చూసి మార్పిడి అడగండి.

కొత్త కాలనీల సంగతి. ఏ కాలనీకైనా ముందు ఫ్యాక్టరీలే. అవి నిండాక, ఖనిజాలు తక్కువగా ఉండే పూర్ గ్రహాలను పూర్తిగా టెక్‌కు వదిలేయండి. అక్కడ ఓడలు, ఫ్యాక్టరీలు కట్టేటప్పుడు సగమే ఫలితం వస్తుంది గానీ పరిశోధనకు ఆ నష్టం లేదు. రిచ్ గ్రహాల్లో దీనికి తలకిందులు, వాటిని ఓడలకు ఉంచుకోండి. ప్రాచీన శిథిలాలున్న ఆర్టిఫాక్ట్స్ గ్రహం దొరికితే పరిశోధన రెట్టింపు అవుతుంది. దాని కోసం నేను యుద్ధానికైనా వెళ్తాను.

మీ సేవ్ ఫైల్ 2320 దగ్గరిది ఉంటే, టెక్ సున్నా చేసి అక్కడి నుంచి మళ్లీ ఆడి చూడండి. 2350లో ఫ్యాక్టరీలు ఎన్నున్నాయో, మీ చుట్టూ ఏ జాతులున్నాయో ఇక్కడ రాస్తే, తర్వాత ఏ రంగంలో పెట్టాలో కలిసి చూద్దాం.