వైన్ రుచి తెలియాలంటే ముందు ముక్కుకు పని చెప్పండి

ప్రశ్న: అనంతపురంలో ఉద్యోగం, వయసు 36. బెంగళూరులో స్నేహితుడి ఇంట్లో వైన్ రుచి చూస్తూ అందరూ మిరియాల వాసన, జామపండు వాసన అంటుంటే నాకు పులుపు, వగరు తప్ప ఏమీ తెలియలేదు. తాగుడు మీద మోజు లేదు, ఆ రుచులు పట్టుకోవడం హాబీగా నేర్చుకోవాలని ఉంది. మన ఊళ్లో కుదురుతుందా? ఇది అలవాటుగా మారుతుందేమోనని మా ఆవిడ టెన్షన్ పడుతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: కుదురుతుందండీ. పులుపు, వగరు తెలిశాయంటే మీ నాలుక బాగానే పనిచేస్తోంది, మిగతావి చెప్పాల్సింది ముక్కు. మీ స్నేహితులు గొప్పలకు పోయి అన్న మాటలు కావవి. షిరాజ్ ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్‌లో మిరియాల వాసన రోటండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది, మన పోపుల పెట్టెలోని మిరియాల్లో ఉండేదీ అదేనని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదట, కాబట్టి అది దొరకలేదని దిగులు పడకండి.

సీసా కొనకముందే సాధన మొదలుపెట్టొచ్చు. దంచిన మిరియాలు, కోసిన జామకాయ, నేరేడుపండు, నిమ్మతొక్క, పచ్చి క్యాప్సికం ముక్క తెచ్చుకుని, కళ్లు మూసుకుని, మీ ఆవిడనే ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టమనండి. జామ, క్యాప్సికం రెండూ సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో తగులుతాయి. వగరు అంటే ఏమిటో తెలియాలంటే పాలు, చక్కెర లేకుండా బాగా మరిగించిన టీ డికాక్షన్ ఒక గుక్క చాలు, చిగుళ్లు పట్టేస్తాయి, ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే టానిన్ అనే వగరు పదార్థం చేసే పనీ అదే.

ఇక వైన్ దగ్గరికొస్తే, కిందికి వెడల్పుగా, మూతి దగ్గర కాస్త ముడుచుకున్న గాజు గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడండి. తర్వాత చిన్న గుక్క నోట్లో తిప్పి, పెదాల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, ఉమ్మేయండి. వృత్తిగా రుచి చూసేవాళ్లూ ఉమ్మేస్తారు, అందులో చిన్నతనం లేదు. తోచింది అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాయండి, "మా పెరటి నేరేడు" అని రాసినా సరే. నా మటుకు నాకు అరువు తెచ్చుకున్న ఇంగ్లిష్ పేర్ల కంటే అదే మేలనిపిస్తుంది.

ఎర్ర వైన్ గది చల్లదనంలో తాగాలనే మాట చలిదేశాలది. దానికి కావాల్సింది 16–18 డిగ్రీలు, మన ఎండాకాలపు గదిలో పెడితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏదీ తెలియదు. గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. సీసా బీరువా మీద పెట్టి నెలల తరబడి వదిలేయొద్దు, ఎండకు పాడైపోతుంది. ఉగ్గాని బజ్జీతోనో, సంగటి నాటుకోడి పులుసుతోనో రుచి చూడకండి, కారం మంటను ఆల్కహాల్ ఇంకా ఎగదోస్తుంది.

హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే దారిలో దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ జంపా అనే వైన్ కంపెనీ వాళ్ల ద్రాక్షతోట ఉంది, అక్కడ నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టి రుచి చూపిస్తారు. ఫోన్ చేసి వెళ్లండి, కారు మాత్రం వేరేవాళ్లు నడపాలి.

మీ ఆవిడ భయంలో న్యాయం ఉంది. ఒంటరిగా వద్దు, వారానికో సాయంత్రం, ఆమె ఎదురుగానే. లివర్ సమస్య ఉన్నా, షుగర్‌కో బీపీకో మందులు వాడుతున్నా డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి. ఉమ్మేయబుద్ధి కావడం లేదని అనిపించిన రోజున సీసా పక్కన పెట్టేయండి.