11 రాష్ట్రాలా, 13 రాష్ట్రాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, వాడి కోసం అమెరికా సివిల్ వార్ నాటి మ్యాపులు రెండు ప్రింట్ తీయించా. ఒకదాంట్లో దక్షిణాది వాళ్ళవి 11 రాష్ట్రాలు, ఇంకోదాంట్లో 13. ఏది నమ్మాలి?

జవాబు: 11నే నమ్మండి. నిజంగా విడిపోయి విడిగా పాలించుకున్నవి అన్నే. మిజోరీ, కెంటకీల సంగతి వేరు, ఆ రాష్ట్రాలు యూనియన్‌తోనే, అంటే ఉత్తరాది పక్షంతోనే ఉండిపోయాయి, విడిపోదాం అన్నవాళ్ళు పోటీ ప్రభుత్వాలు పెట్టుకుని 1861 చివర్లో కాన్ఫెడరసీలో (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమిలో) కలిశాం అన్నారు, అటువాళ్ళూ సరే అని లెక్కలో వేసేసుకున్నారు, వాళ్ళ జెండా మీద 13 నక్షత్రాలు అందుకే. ఉత్తరాదివాళ్ళు అసలు దేశం విడిపోయిందనే ఒప్పుకోలేదు కదా, వాళ్ళ దృష్టిలో అది తిరుగుబాటు అంతే.

మీ మ్యాపులో వెస్ట్ వర్జీనియా విడిగా ఉందో లేదో కూడా చూడండి. అది వర్జీనియా నుంచి విడిపోయి 1863 జూన్ 20న కొత్త రాష్ట్రమైంది, కాబట్టి విడిగా కనిపిస్తే ఆ సరిహద్దులు అప్పటివో తర్వాతవో అన్నమాట. లేకపోతే మాత్రం అంతకుముందుది అని తేల్చేయకండి, దక్షిణాదివాళ్ళు ఆ రాష్ట్రాన్ని గుర్తించలేదు మరి.

నన్నడిగితే ఈ రెండిటికన్నా మీ అబ్బాయికి చూపించాల్సిన మ్యాపు ఇంకోటి ఉంది. 1861లో యు.ఎస్. కోస్ట్ సర్వే అనే అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ వాళ్ళు వేసింది, 1860 జనాభా లెక్కలు తీసుకుని దక్షిణాదిలో ఒక్కో కౌంటీలో (మన జిల్లా లాంటిది) నూటికి ఎంతమంది బానిసలో అంకె వేసి, ఎక్కువున్న చోట నల్లగా, తక్కువున్న చోట తెల్లగా షేడ్ ఇచ్చారు. మిసిసిపీ నది పొడుగునా చూస్తే కారు నలుపే, కొన్ని కౌంటీల్లో నూటికి తొంభై దాటిపోయింది. టెనెసీ తూర్పు కొండలూ వర్జీనియా పడమటి కొండలూ మాత్రం తెల్లగా ఉంటాయి, యూనియన్ వైపు మొగ్గింది కూడా సరిగ్గా ఆ కొండలవాళ్ళే. యుద్ధం బానిసత్వం గురించా, ఇంకోదాని గురించా అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు గానీ ఈ ఒక్క కాగితం చూశాక ఇంకా ఏం వాదిస్తారో నాకైతే అర్థం కాదు! లింకన్ దీన్ని దగ్గర పెట్టుకుని తన సైన్యం ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకునేవాడట, బానిసల విముక్తి ప్రకటన చదివే సీన్‌ని 1864లో కార్పెంటర్ అనే చిత్రకారుడు వేస్తే అందులో ఓ మూల ఈ మ్యాపు కూడా ఉంటుంది. అప్పట్లో దీన్ని అమ్మింది గాయపడిన, జబ్బుపడిన సైనికుల సాయం కోసం.

ఆ నల్లటి కౌంటీల్లో చాలావరకు పత్తి నేలలే. పత్తి అంటే మీ గుంటూరువాళ్ళకి వేరే చెప్పాలా. దక్షిణాది ఓడరేవుల్ని ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేసేసరికి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మిల్లులకి పత్తి కరువొచ్చింది, మన దేశం పత్తికి రేటు ఎగిరింది, మన కాకినాడ రేవు కూడా ఆ గిరాకీతోనే బాగా పుంజుకుంది.

ఈ మ్యాపు అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది, పెద్ద సైజు ఫైలే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ4లో మాత్రం తీయించకండి, కౌంటీల అంకెలు చీమల్లా అయిపోయి ఒక్కటీ కనపడదు.