సమాధానం: విజయనగరంలో ఇల్లు శుభ్రం చేయిస్తే, చెప్పిన ధర చివర్లో ఎందుకు పెరిగింది?

ఫోనులో తక్కువ చెప్పి, పని అయ్యాక మీ దగ్గర ఎక్కువ అడిగారంటే కారణం చాలావరకు ఒకటే: చదరపు అడుగుల ధర మాట్లాడుకున్నారు, పనుల జాబితా మాట్లాడుకోలేదు. "మొత్తం శుభ్రం" అంటే మీ లెక్కలో ఫ్యాన్లు, కిటికీ ఊచలు, చిమ్నీ కూడా. వాళ్ల లెక్కలో నేల, బాత్రూములే.

1. ఇల్లు చూశాకే ధర చెప్పమనండి. రాలేకపోతే వీడియో కాల్‌లో చూపించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: గదివారీగా ఏం చేస్తారో, ఏ రసాయనం వాడతారో వాట్సాప్‌లో రాయించుకోండి. బాత్రూము టైల్స్ మీద ఉప్పునీటి తెల్లచారలుంటే విడిగా రాయించండి, పేచీ ఎక్కువగా అక్కడే వస్తుంది. వంటగట్టు పాలరాయి అయితే యాసిడ్ తాకించవద్దని గట్టిగా చెప్పండి. యాసిడ్ పాలరాయిని తినేస్తుంది. పోయిన మెరుపు మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. యాసిడ్ బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువు కూడా పుడుతుంది, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

3. విశాఖ నుంచి వచ్చేవాళ్లయితే బండి ఖర్చు, జీఎస్టీ ధరలో కలిసే ఉన్నాయా అని అడగండి.

4. సిరిమానోత్సవం, సంక్రాంతి ముందు రోజులు కాకుండా వేరే తేదీ అడగండి. బేరానికి వీలుంటుంది.

జాబితా పట్టుకుని గదులన్నీ చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.