చందాలతో ఊరి బావి: ముందు స్థలం కాగితం, తర్వాతే తవ్వకం

ప్రశ్న: మా ఊళ్లో ఇరవై మంది చిన్న రైతుల కోసం ఉమ్మడి బావి తవ్వించి, పొలాలకు పైపులైన్ వేయాలని యువకులం చందాలు సేకరిస్తున్నాం. ఒక పెద్దాయన తన పొలంలో 5 సెంట్లు ఇస్తానని మాట ఇచ్చారు. డబ్బు నా ఫోన్‌పేకే వస్తోంది, లక్ష దాటింది. అమెరికాలో ఉన్న మిత్రులూ పంపుతామంటున్నారు. చట్టపరంగా ఇబ్బంది ఉందా?

జవాబు: మీరు డబ్బు గురించి అడిగారు కానీ, నాకు ఎక్కువ భయం ఆ 5 సెంట్ల గురించే. స్థిరాస్తి దానం చెల్లాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దస్తావేజు రిజిస్టర్ కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. పెద్దాయన మాట తప్పే మనిషి కాకపోవచ్చు. ఆయన తర్వాత వారసులు బావి చుట్టూ కంచె వేస్తే? ఆయన అనుమతితో సొంత ఖర్చు మీద శాశ్వత నిర్మాణం చేశాం కాబట్టి ఆ అనుమతి రద్దు చేయడానికి వీల్లేదని ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కుల గురించిన ఈజ్‌మెంట్ల చట్టం 60వ సెక్షన్ కింద వాదించవచ్చు. అయితే కేసు తేలేదాకా పంట ఆగదు కదా. కాబట్టి ముందు గిఫ్ట్ డీడ్ (దాన దస్తావేజు) చేయించండి. ఆ స్థలం అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమి, కాదని రెవెన్యూ రికార్డుల్లో చూసుకోండి. బావి దాకా దారి హక్కు కూడా ఆ గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి. పైపు ఎవరి పొలాల మీదుగా వెళ్తుందో వాళ్లందరితోనూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

దానం ఎవరి పేరున తీసుకోవాలి? మీ పేరున వద్దు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చేరితే సొసైటీ పెట్టుకోవచ్చు. స్థలం, పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, మోటారు కరెంటు సర్వీసు అన్నీ దాని పేరునే తీసుకోండి.

మీ ఫోన్‌పే నంబరుకు చందాలు తీసుకోవడం ఈరోజే ఆపండి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఉచితంగా అందితే, ఆ మొత్తమంతా మీ ఆదాయంగా పన్ను లెక్కలోకి రావచ్చు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద, ఫిర్యాదు చేసేదీ మీ మీదే. మంచి పనికి పూనుకున్న కుర్రాళ్లు ఇలా స్టేషన్ మెట్లెక్కకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను. వచ్చిన ప్రతి రూపాయికీ పేరు, తేదీ రాసిపెట్టి, సొసైటీ ఖాతా తెరవగానే మొత్తం అందులో వేసి రసీదులు ఇవ్వండి.

అమెరికా మిత్రుల విషయంలో చూడాల్సింది వాళ్ల పాస్‌పోర్టు. భారత పౌరుడైతే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారిదైతే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. కొత్త సొసైటీకి ముందస్తు అనుమతి దారే ఉంటుంది. ఇక్కడి బంధువు ఖాతాకు పంపించి ఇక్కడి చందాగా చూపిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది నేరమవుతుంది.

తవ్వకానికి ముందు నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి. ఊరి తాగునీటి బావికి గానీ బోరుకు గానీ 250 మీటర్ల లోపు సాగు కోసం అనుమతి లేకుండా తవ్వకూడదు. గిఫ్ట్ డీడ్ రాయించే ముందే ఆ దూరం కొలిపించుకోండి. స్థలం మార్చాల్సి వస్తే అప్పుడే మార్చుకోవచ్చు.