సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఫ్యాన్ ఆపమనండి

ప్రశ్న: మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. మావాడు బీకాం రెండో సంవత్సరం. సెలవుల్లో ఒక బ్రోకర్‌కి ఫ్లాట్ల ఫొటోలు తీసిపెడుతున్నాడు. హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ కొనిపెట్టమని ఒకటే గొడవ. ఏది కొనాలి? అసలు ఇది బతుకుదెరువు అవుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. ఫ్లాట్లు అమ్మేవాళ్లు, హోటళ్లు, ఇంటీరియర్ డిజైనర్లు ఉన్న ఊళ్లో గదుల ఫొటోలు బాగా తీసేవాడికి పని దొరుకుతుంది. కానీ నెలనెలా ఒకేలా రాదు. డిగ్రీ మాత్రం మాననివ్వకండి. కొటేషన్, జీఎస్టీ బిల్లు తనే రాసుకోగలిగితే ఈ పనిలో అదే సగం బలం.

ఇక సాఫ్ట్‌వేర్. హాల్లో నిలబడి బాల్కనీ వైపు తీస్తే బయట అంతా తెల్లగా పోతుంది, లేదంటే సోఫా నల్లబడుతుంది. అందుకే కెమెరా కదలకుండా తక్కువ, మధ్య, ఎక్కువ వెలుగుతో కనీసం మూడు ఫొటోలు తీసి కలుపుతారు. హెచ్‌డీఆర్ అంటే ఇదే. కలిపే పనికి సాఫ్ట్‌వేర్ చాలానే ఉంది.

నన్నడిగితే చివరికి అడోబీ వాళ్ల లైట్‌రూమ్ దగ్గరికే రావాలి. అది కలిపి ఇచ్చేది డీఎన్‌జీ ఫైలు, కాబట్టి వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో పసుపు, నీలం ఛాయల సర్దుబాటు), వెలుగు ఆ తర్వాత కూడా రా ఫైల్లో, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైల్లో లాగే మార్చుకోవచ్చు. రేపు ఏ స్టూడియోలో ఉద్యోగానికి వెళ్లినా లైట్‌రూమ్, ఫొటోషాప్ వచ్చా అనే అడుగుతారు. చందా కట్టాలి, అదే చిక్కు. ఫొటోమేటిక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ఒకసారి డబ్బు కడితే చాలు, పదుల గదులను ఒకే దెబ్బకు కలిపేస్తుంది. కాకపోతే కొత్తవాళ్ల చేతిలో స్లయిడర్లు హద్దు దాటతాయి. గోడల అంచుల్లో తెల్లటి వెలుగు, ఆకాశంలో పెయింటింగ్ రంగులు వచ్చేస్తాయి. అది చూసి వచ్చిన పార్టీ ఫ్లాట్‌లో అడుగు పెట్టగానే ముఖం మాడ్చుకుంటుంది, తిట్లు బ్రోకర్‌కి.

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, దానితో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉన్నాయి. ఎన్‌ఫ్యూజ్ ప్రతి ఫొటోలో బాగా వచ్చిన భాగాలకే ఎక్కువ వాటా ఇచ్చి కలుపుతుంది. ఈ పద్ధతిని 2007లో మెర్టెన్స్ అనే పరిశోధకుడి బృందం ప్రకటించింది. ఫలితం మామూలు ఫొటోలాగే సహజంగా ఉంటుంది. రా ఫైళ్లను ముందు డార్క్‌టేబుల్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టిఫ్ అనే ఫొటో ఫైళ్లుగా మార్చుకోవాలి, కాస్త చాకిరీయే. ఫ్రెండ్ ఇచ్చిన క్రాక్ కాపీ జోలికి మాత్రం పోనివ్వకండి. అదే లాప్‌టాప్‌లో మీ బ్యాంకు లావాదేవీలు కూడా ఉంటాయి కదా.

ఇప్పుడే కొనకుండా ఒక పరీక్ష పెట్టండి. మీ హాల్లోనే, మధ్యాహ్నం. ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, రా. రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తేడాతో మూడు ఫొటోలు, మార్చేది షట్టర్ వేగం ఒక్కటే. ఫ్యాన్ ఆపాలి. తిరిగే రెక్కలు మూడింట్లో మూడు చోట్ల పడి, కలిపాక సీలింగ్ మీద మరకల్లా కనిపిస్తాయి. కర్టెన్ ఊగినా ఇదే తంటా. ఇలా కదిలినవాటి దెయ్యపు నీడలు తీసే డీఘోస్ట్ ఆప్షన్ ఉంది, కానీ ఎక్కువ వాడితే అక్కడ గరుకు తేలుతుంది. పసుపు బల్బులు కూడా ఆర్పేయాలి, లేకపోతే కిటికీ పక్క నీలం, గోడ పక్క పసుపు.

ఫొటోలు తీశాకే లైట్‌రూమ్ ఏడు రోజుల ట్రయల్ మొదలుపెట్టమనండి. ఫొటోమేటిక్స్ ట్రయల్‌కి గడువు లేదు, ఫొటో మీద వాటర్‌మార్క్ పడుతుందంతే. హ్యూగిన్‌తో కలిపింది కూడా చేర్చి మూడు ఫలితాలూ, దేనితో చేశాడో చెప్పకుండా బ్రోకర్‌కి పంపమనండి. ఆయన ఉచితంగా చేసిందే ఎంచుకుంటే చందా డబ్బు ఈ ఏడాదికి దాచండి. 24 మెగాపిక్సెల్ రా ఒక్కోటి దాదాపు 25 ఎంబీ, ఒక 3 బీహెచ్‌కేకి 20 ఫ్రేములంటే మూడేసి చొప్పున 60 ఫైళ్లు, ఒకటిన్నర జీబీ. ఇంత పనికి లాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే ఉంటే ముందు దాన్ని 16కి పెంచండి.