ఇన్‌స్టా చూశాక దిగులుగా ఉంటోంది.. ఇది వ్యసనమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. కూకట్‌పల్లిలో ఉంటాం. రెండో పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించి ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే రెండు గంటలు ఇట్టే గడిచిపోతున్నాయి. తర్వాత మనసంతా దిగులు. మా తోడికోడలు నాకంటే ఎక్కువసేపు చూస్తుంది, రీల్స్ కూడా పెడుతుంది, హుషారుగానే ఉంటుంది. నాకే ఎందుకిలా? ఇది వ్యసనమా?
- ఒక పాఠకురాలు

జవాబు: వ్యసనం అనే ముద్ర మీకు మీరే వేసుకోకండమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో వీడియో గేమ్స్ రుగ్మత ఉంది గానీ, సోషల్ మీడియా వ్యసనం అని విడిగా జబ్బేదీ లేదు. అయినా మీ బాధ నిజమే.

తోడికోడలి సంగతి రాసి మంచి పని చేశారు. చేతిలో ఫోన్ ఒకలాంటిదే అయినా ఆమె చేసే పని వేరు, మీరు చేసే పని వేరు. నలుగురితో ఇట్టే కలిసిపోయే స్వభావం ఉన్నవాళ్లకు అదొక రచ్చబండ. రీల్ పెడతారు, కామెంట్లకు బదులిస్తారు, నవ్వుకుంటారు. ప్రతిదీ మనసుకు పట్టించుకుని త్వరగా టెన్షన్ పడేవాళ్లు ఎక్కువగా చూస్తూ ఉండిపోతారు. ఒకరి గృహప్రవేశం, ఇంకొకరి ప్రమోషన్. సింకులో అంట్లు పెట్టుకుని మన రోజును వాళ్ల పండగ రోజుతో పోల్చుకుంటాం. దిగులు రాక ఏమవుతుంది? ఇందులో మీ తప్పేమీ లేదు.

1970లలో ఎలిహు కాట్జ్, జే బ్లమ్లర్ లాంటి పరిశోధకులు టీవీ, పత్రికల విషయంలో ఒక మంచి ప్రశ్న వేశారు: మనుషులు వాటితో ఏ అవసరం తీర్చుకుంటున్నారు? నేనూ మిమ్మల్ని అదే అడుగుతాను. 'ఉద్యోగం మానేశాను' అన్నచోట నేను కాసేపు ఆగాను. ఒకప్పుడు ఆఫీసులో దొరికిన కబుర్లు, 'బాగా చేశావ్' అన్న మాట ఇప్పుడు ఆ స్క్రీన్‌లో వెతుక్కుంటున్నారేమో.

ఒక వారం పాటు, యాప్ తెరిచే ముందు ఎందుకు తెరుస్తున్నారో ఒక్క మాట కాగితం మీద రాయండి: బోర్, ఒంటరితనం, కోపం, అలవాటు. ఏ మాట పదే పదే వస్తుందో చూడండి. ఒంటరితనమైతే పాత కొలీగ్ ఫొటో చూసి ఊరుకోకుండా ఆమెకే ఫోన్ చేయండి. చేతిలో పనిలేని వెలితి అయితే మళ్లీ ఉద్యోగం గురించి ఇంట్లో మాట్లాడండి, పార్ట్‌టైమ్ అయినా సరే. వట్టి అలవాటైతే నోటిఫికేషన్లు ఆపేసి, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి. బాధపెట్టే అకౌంట్లను మ్యూట్ చేయండి, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. వీటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు ఉంటాయి. దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, ఆకలి తగ్గినా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా అది డిప్రెషన్ కావచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో గానీ, దగ్గర్లోని సైకియాట్రిస్టుకు గానీ చూపించుకోండి. వెళ్లడానికి మొహమాటమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం ఆ రోజే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.